మేడ మీద గదిలో బాత్రూం: షవర్ దగ్గర టైల్స్ వెనక ఏ బోర్డు పెట్టాలి?

నల్లగొండ టీచర్

నమస్తే అందరికీ. మాది నల్లగొండ టౌన్. కింద రెండు మడిగెలు కిరాయికి ఇచ్చినం, పైన మేముంటం. స్లాబ్ పడి ఇరవై ఏండ్లు దాటింది. ఉన్న ఒక్క బాత్రూం వరండా చివర, మెట్ల పక్కన ఉంది. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయినంక రాత్రిపూట అంత దూరం నడవలేకపోతున్నది. వాన పడితే వరండా అంతా తడి, జారి పడుతదేమోనని నాకు నిద్ర పట్టదు. అందుకే అమ్మ పడుకునే గదిలోనే ఒక మూలకు 7 అడుగులు, 5 అడుగుల కొలతతో బాత్రూం తీద్దామనుకున్నం.

ఆ మూలకు రెండు దిక్కుల పాత ఇటుక గోడలున్నయి, బయటి గోడలు, 9 ఇంచులవి. ఇంకో రెండు దిక్కుల కొత్తగా గోడ లేపాలి. కింద దూలం లేదు కాబట్టి ఇటుక పెట్టొద్దు, ఇనుప ఫ్రేం నిలబెట్టి బోర్డు బిగించుకోండని ఇంజనీర్ చెప్పిండు. అక్కడి నుంచి మాకు తిప్పలు మొదలైనయి. ఫాల్స్ సీలింగ్ చేసే అతను ఆకుపచ్చ జిప్సం బోర్డు చాలు, తేమకు తట్టుకుంటదంటడు. కార్పెంటర్ మెరైన్ ప్లైవుడ్ పెట్టమంటడు. షాపాయన 6 ఎంఎం సిమెంట్ బోర్డు చూపించి, ఇది నీళ్లల్ల వేసినా ఏం కాదు, దీని మీద సీదా టైల్స్ అంటించుకోవచ్చు అంటున్నడు.

షవర్ కొత్త గోడ దిక్కే వస్తది. అసలు ఏ బోర్డు పెట్టాలి? ఎంత మందం? బోర్డు వెనకనో ముందో వాటర్‌ప్రూఫ్ ఏమన్నా వేయాలా? పాత ఇటుక గోడ మీద ఏం చేయాలి? కింద కిరాయిదారు బట్టల దుకాణం పెట్టిండు. నీళ్లు కారితే ఆయన సరుకంతా పాడైతది. చేసినవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి.

దేవరకొండ ఇల్లు

అక్కా, మా తమ్ముడు జడ్చర్లలో కిరాయికున్న ఇంట్ల షవర్ గోడకు ఆ ఆకుపచ్చ జిప్సమే పెట్టిన్రు. మొదటి ఏడు ఏం తెల్వలేదు. రెండో వానాకాలానికి షవర్ కుళాయి చుట్టూ టైల్ వేలితో ఒత్తితే లోపలికి దిగుతున్నది. ఒక టైల్ ఊడదీస్తే వెనక బోర్డు తడి పిండి ముద్దయింది, కాగితం పొర నల్లగ బూజు పట్టింది. జిప్సం మాత్రం పెట్టకు. మిగిలిన సంగతి పని తెలిసినవాళ్లు చెప్తరు.

పాలమూరు టైల్స్ మేస్త్రి

అక్కా, నేను అచ్చంపేట దిక్కు మనిషిని. మా నాయిన షాబాదు బండలు పరిచేటోడు, నేను చిన్నప్పుడు ఆయనెంబడి మాలు మోసి పని నేర్చిన. తర్వాత పుణె, బొంబాయి పోయి టైల్స్ పని చేసిన, ఇప్పుడు మహబూబ్‌నగర్‌ల ఉంటున్న. మీరు అడిగింది మంచిగ అడిగిన్రు. మస్తు మంది టైల్ డిజైన్ మీద వారం రోజులు తిరుగుతరు, టైల్ వెనక ఏముందని ఒక్కరు అడగరు. కొంచెం పొడుగైతది, మొత్తం చదవున్రి.

మొదలు ఒక్క సంగతి మనసుల పెట్టుకోండి. టైల్ నీళ్లను ఆపదు. టైల్ ఆపినా, రెండు టైల్స్ నడుమ ఉన్న గ్రౌట్ ఆపదు. సిమెంట్ గ్రౌట్ ఎంత మంచిగ నింపినా సన్నగ నీళ్లు గుంజుతది. రోజూ షవర్ కింద పడే నీళ్లల్ల కొంత టైల్ వెనక్కి పోవుడు ఖాయం. వెనక్కి పోయిన నీళ్లను ఆపేది బోర్డు కూడ కాదు. బోర్డు మీద, టైల్ కింద మనం వేసే వాటర్‌ప్రూఫ్ పూత ఒక్కటే ఆపుతది.

షాపాయన చెప్పిన దాంట్ల సగం నిజం ఉన్నది. సిమెంట్ బోర్డు నీళ్లల్ల పడితే ఉబ్బది, కరగది, బూజుకు తినేతందుకు దాని మీద కాగితం ఉండదు. కానీ అది మట్టికుండ అసుంటిది. కుండ నీళ్లకు కరుగుతదా? కరగది. మరి బయటికి చెమ్మ రాదా? వస్తది. బోర్డు కూడ గంతే. దాని మీద సీదా టైల్ అంటిస్తే నీళ్లు బోర్డు దాటి లోపలి ఇనుప ఫ్రేముకు తగులుతయి, స్క్రూలు తుప్పు పడతయి, కిందికి జారి స్లాబ్‌ల ఇంకుతయి. బోర్డు బాగనే ఉంటది, మీ కింద మడిగెల బట్టలు మాత్రం తడుస్తయి.

ప్లైవుడ్ ముచ్చట. మెరైన్ ప్లై అంటే ఐఎస్ (భారత ప్రమాణం) 710 ముద్ర ఉన్నది, దాని జిగురు ఉడుకు నీళ్లకు కూడ ఊడదు, అది ఒప్పుకుంట. కానీ జిగురు ఊడకపోయినా కట్టె కట్టెనే. తడిస్తే ఉబ్బుతది, ఆరితే ముడుచుకుంటది. టైల్ ఉబ్బది, ముడుచుకోదు. మన దగ్గర ఎండాకాలం 44, 45 డిగ్రీలు కాస్తది, వానాకాలం గదంతా చెమ్మ. ఆ గుంజులాటల గ్రౌట్ పగులుతది, తర్వాత టైల్ ఊడుతది. వంటింటి కప్‌బోర్డులకు ప్లై మంచిదే, షవర్‌ల టైల్ వెనకకు వద్దు.

జిప్సం సంగతి దేవరకొండ అన్న చెప్పనే చెప్పిండు. ఆకుపచ్చ బోర్డు గాలిల తేమకు కొంత ఓర్చుకుంటది, ధారగ పడే నీళ్లకు కాదు. అట్లని మీ సీలింగ్ అతని మాట మొత్తం తీసి పారేయకండి. గోడకు రెండు మొఖాలు ఉంటయి గదా. అమ్మ పడుకునే గది దిక్కు మొఖానికి జిప్సం పెట్టుకున్నా ఫరక్ పడదు, పుట్టీ, రంగు సాఫ్‌గ వస్తది. బాత్రూం లోపలి మొఖం మాత్రం ఫైబర్ సిమెంట్ బోర్డే. షీట్ మీద ఐఎస్ 14862 అని ఉన్నది, ఆస్‌బెస్టాస్ లేనిది అడిగి తీసుకోండి. మీ జిల్లాలనే, మిర్యాలగూడ దిక్కు విశాక వాళ్ల బోర్డుల ఫ్యాక్టరీ ఉన్నది కాబట్టి మీకు సరుకు దొరుకుడు కష్టం కాదు.

మందం 6 ఎంఎం వద్దు. అది సీలింగుకు, డక్ట్ మూసేతందుకు సరిపోతది. గోడకు పెట్టి చేత్తో ఒత్తితే అదురుతది, అదిరే గోడ మీద టైల్ నిలవది. 8 ఎంఎం తక్కువల తక్కువ. నేనైతే 10 పెడత, పెద్ద టైల్ అయితే 12. బోర్డు ఎంత మందమైనా ఫ్రేం దూరంగ ఉంటే లాభం లేదు. నిలువు స్టడ్‌లు, అంటే ఫ్రేంల నిలబెట్టే ఇనుప పట్టీలు, 400 ఎంఎంకు ఒకటి, అంటే 16 ఇంచులకు ఒకటి రావాలె. సీలింగ్ వాళ్లు అలవాటుల 24 ఇంచులకు పెడతరు, దగ్గరుండి టేపు పట్టి చూడండి.

ఫ్రేం కింది పట్టీని సీదా నేల మీద పెట్టనియ్యకండి. కొత్త గోడ వచ్చే లైనుల మొదలు 4 ఇంచుల ఎత్తు కాంక్రీటు గట్టు పోయించండి, తలుపు కాడ వదిలేసి. ఆ గట్టు మీద ఫ్రేం నిలబడాలె. అట్లైతే రేపు నేల మీద నీళ్లు నిలిచినా ఇనుముకు తగలయి. బోర్డు కింది అంచు కూడ నేలకు ఆనొద్దు, 10 ఎంఎం ఖాళీ ఇచ్చి ఆ సందు సీలెంట్‌తో నింపాలె. బోర్డుకు బోర్డుకు నడుమ 3 ఎంఎం సందు. మస్తు మంది బోర్డులను గట్టిగ ఒకదానికొకటి ఆనిచ్చి బిగిస్తరు, అది తప్పు. ఆ సందుల టైల్ అడెసివ్ నింపి, పైన క్షారానికి తట్టుకునే ఫైబర్ మెష్ పట్టీ అంటించి మళ్లీ అడెసివ్ రుద్దాలె. సీలింగ్ వాళ్లు జిప్సం పుట్టీతో జాయింట్ నింపేస్తరు, చూసుకోండి, నీళ్లకు అది కరిగిపోతది. స్క్రూలు తుప్పు పట్టనియి, 8 ఇంచులకు ఒకటి.

బోర్డు మూసేముందు చేసే పనులు రెండున్నయి, తర్వాత చేస్తామంటే కావు. ఒకటి, లోపలి నుంచి పోయే సీపీవీసీ (ప్లాస్టిక్) నీళ్ల పైపులకు ప్రెషర్ పెట్టి చూడాలె. షవర్ డైవర్టర్ (నీళ్లను షవర్‌కో కుళాయికో మళ్లించేది) కాడ ఒక్క జాయింట్ కారినా మళ్లీ టైల్స్ పగలగొట్టుడే. రెండోది మీ అమ్మ కోసం. కమోడ్ పక్కన, షవర్ పక్కన పట్టుకునే స్టీల్ రాడ్ పెడతరు గదా, ఉత్త బోర్డుకు బిగిస్తే మనిషి బరువు ఆపదు. నేల నుంచి రెండు ముప్పావు, మూడు అడుగుల ఎత్తుల స్టడ్‌ల నడుమ అడ్డంగ ఇనుప చదరపు పైపు వెల్డింగ్ చేయించండి, రాడ్ స్క్రూలు దాంట్లకు దిగాలె. మూసేముందు టేపు పట్టి ఫోన్‌ల ఫొటో తీసుకోండి, తర్వాత డ్రిల్ ఎక్కడ పెట్టాలెనో తెలుస్తది. గీజర్ మాత్రం కొత్త గోడకు వేలాడదీయకండి, ఇటుక గోడకు పెట్టుకోండి.

ఇంక పూత. రెండు భాగాలు వస్తయి, ఒక డబ్బాల పాలసొంటి ద్రవం, ఒక సంచిల సిమెంట్ పొడి. అక్రిలిక్ పాలిమర్ సిమెంట్ కోటింగ్ అని అడగండి, మంచి కంపెనీలన్నిటికి ఉంటది. ఆరినంక కూడ కొంచెం సాగే రకం తీసుకోండి, గట్టిపడిపోయేది బోర్డు మీద పగులుతది. బోర్డు మీద దుమ్ము తడిగుడ్డతో తుడిచి, కొంచెం చెమ్మ ఉండంగనే మొదటి చేయి, అంటే మొదటి కోటు, వేయాలె. పొడి బోర్డు మీద వేస్తే అది నీళ్లన్ని గుంజేసుకుని పూత పొడిపొడి అయితది. మొదటి చేయి అడ్డం కొడితే రెండోది నిలువు కొట్టాలె, అప్పుడు బ్రష్షు సందులు మిగలయి. నేల గోడ కలిసే మూలలు, గోడ గోడ కలిసే మూలలు, నానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ గుంట) చుట్టు, పైపులు బయటికొచ్చే బొక్కల చుట్టు, ఈ జాగలల్ల పూత తడిగున్నప్పుడే ఫైబర్ మెష్ అద్ది పైన ఇంకో చేయి వేయాలె. నీళ్లు కారేది ఎప్పుడైనా గోడ నడిమి నుంచి కాదు, ఈ మూలల నుంచే.

ఎంత ఎత్తు అంటే, షవర్ పడే దిక్కు 7 అడుగుల దాకా. మిగిలిన గోడలకు ఒక అడుగు చాలంటరు. 7 బై 5 చిన్న బాత్రూం, నీళ్లు అంతట చిందుతయి, నేనైతే అంతట 4 అడుగులన్నా వేయమంట. నేల మొత్తం, ఆ కాంక్రీటు గట్టు మీదికెక్కి బోర్డు మీదికి ఒకటే పొరగ పోవాలె.

మీ పాత ఇటుక గోడ మీద రంగు, పుట్టీ ఉంటే దాని మీద ఏదీ పట్టదు. గిలాబు (ప్లాస్టరింగ్) కొట్టేసి ఇటుక దాకా తీయండి. కొత్త గిలాబు ఒకటికి నాలుగు పాళ్లు, ఒక సిమెంట్ బస్తాకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపి, వారం రోజులు నీళ్లు కొట్టాలె. ఆ లిక్విడ్ కలిపినం గదా, ఇంక కోటింగ్ ఎందుకని మేస్త్రీలు అంటరు. అది గిలాబును గట్టి చేస్తది, సన్న పగులు వస్తే ఆపలేదు. దీని మీద కూడ అదే రెండు చేతుల పూత.

నేను అందరికన్న ఎక్కువ భయపడేది పాత ఇటుక గోడ, కొత్త బోర్డు గోడ కలిసే నిలువు మూలకు. అది ఇటుక, ఇది ఇనుప ఫ్రేం. ఎండకు ఒక్కోటి ఒక్కో తీరుగ కదులుతది. ఆ మూలకు మెష్ రెండు పొరలు పెట్టండి, పైన టైల్స్ వేసినంక ఆ మూల సందుల గ్రౌట్ నింపకుండ సిలికాన్ సీలెంట్ పెట్టండి. గ్రౌట్ నింపితే ఏడాది తిరగకముందే సన్న గీత పడతది.

నల్లగొండ టీచర్

అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, మీకు దండం. రాడ్ సంగతి మాకు తట్టనే లేదు. ఇంకో రెండు అడుగుతా. టైల్స్ 2 అడుగులు, 1 అడుగువి తెచ్చుకున్నం, విట్రిఫైడ్. మా మేస్త్రి సిమెంట్ పాలతోనే అంటిస్తా, అడెసివ్ దండుగ అంటున్నడు. ఇంకొకటి, నేల 6 ఇంచులు ఎత్తు లేపి పైపులు అందులో నుంచి తీసుకుపోతం అని ప్లంబర్ చెప్పిండు. అది సరేనా?

మిర్యాలగూడ సైట్ ఇంజనీర్

మేడం, రెండో ప్రశ్నకు నేను చెప్తాను. మేస్త్రి గారు గోడ గురించి చెప్పినవన్నీ సరైనవే. కానీ నేల విషయంలో దయచేసి ఆగండి.

మీ ఇంజనీర్ ఇటుక వద్దన్నది బరువు కోసం. ఒకసారి లెక్క వేద్దాం. పై స్లాబ్ దాకా 10 అడుగుల ఎత్తు, తలుపు పోను కొత్త గోడ సుమారు 100 చదరపు అడుగులు. నాలుగు ఇంచుల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగ్ కలిపితే చదరపు మీటరుకు దాదాపు 260 కిలోలు. అంటే మొత్తం రెండున్నర టన్నుల దగ్గర. అదే ఫ్రేము, రెండు వైపులా బోర్డు, ఒకవైపు టైల్స్ అయితే అర టన్ను. రెండు టన్నులు తగ్గించారు, మంచిదే.

ఇప్పుడు నేల చూడండి. 7 బై 5 అంటే 3.25 చదరపు మీటర్లు. దాన్ని 6 ఇంచులు ఇటుక ముక్కలు, కాంక్రీటుతో నింపితే దగ్గర దగ్గర టన్ను బరువు. గోడ మీద మిగిల్చుకున్న దాంట్లో సగం నేలలో పోసినట్టే. మామూలుగా బాత్రూం వచ్చే చోట స్లాబ్‌ను కిందికి దించి పోస్తారు, మీది గది కోసం పోసిన స్లాబ్. పైగా అమ్మగారికి మోకాలి ఆపరేషన్ అయింది అంటున్నారు. ఆరు ఇంచుల మెట్టు ఎక్కి తడి నేల మీదికి దిగాలంటే, ఎవరి కోసమైతే ఈ బాత్రూం కడుతున్నారో వాళ్లకే అది పనికిరాదు.

నా సలహా ఇది. కమోడ్ బయటి గోడకు ఆనుకుని పెట్టండి, పైపు వెనక్కి పోయే పి-ట్రాప్ రకం తీసుకుంటే సీదా గోడలో నుంచి బయటికి పోతుంది, నేల లేపే పని లేదు. షవర్ నీళ్లకు నానీ ట్రాప్ మాత్రం స్లాబ్‌కు కోర్ కటింగ్ మెషిన్‌తో ఒక్క రంధ్రం చేయించి, కింద మడిగె సీలింగ్ కింద వేలాడే పైపుతో బయటికి తీయండి. సుత్తి, ఉలితో స్లాబ్ పగలగొట్టనివ్వొద్దు. రంధ్రం ఎక్కడ అన్నది మీ ఇంజనీర్ వచ్చి ఇనుప చువ్వలు తప్పించి గుర్తు పెట్టాలి. ట్రాప్‌లో 50 ఎంఎం నీళ్లు నిలిచే రకం అడగండి, లేకపోతే వాసన గదిలోకి వస్తుంది. అప్పుడు నేల మీద సగటున ఇంచున్నర మందంతో వాలు తీస్తే సరిపోతుంది. తలుపు దగ్గర ఎత్తు తేడా అర ఇంచు, ముప్పావు ఇంచు ఉంటుంది, అంతే.

ఏఏసీ బ్లాకులతో (గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు ఇటుకలు) గోడ కట్టొచ్చు కదా అని కొందరు అంటారు. నాలుగు ఇంచుల బ్లాకు, ప్లాస్టరింగ్ కలిపి అదే గోడ టన్ను పైన అవుతుంది. ఇటుక కంటే చాలా తేలిక, టైల్ పనికి కూడా బాగుంటుంది. మీ స్లాబ్ చూడకుండా ఓకే అని నేను చెప్పను. మీ ఇంజనీర్ బోర్డే అన్నారు కాబట్టి దానికే కట్టుబడండి.

పాలమూరు టైల్స్ మేస్త్రి

ఇంజనీర్ సార్ మంచి మాట చెప్పిండు. మెట్టు సంగతి వంద శాతం. కింద కిరాయిదారుకు ముందుగాల చెప్పి, ఆ పైపు పోయే జాగ కింద సరుకు పెట్టొద్దనండి. ట్రాప్ పైపు స్లాబ్ బొక్కల నుంచి దిగే కాడ చుట్టు ఖాళీని ఉత్త సిమెంట్‌తో నింపుతరు, అది ఆరినంక ముడుచుకుని వెంట్రుకంత సందు ఇడుస్తది. ముడుచుకోని గ్రౌట్ అని దొరుకుతది, దాంతోటి నింపించండి, పైన మెష్, పూత.

వాలు మాటకొస్తే షవర్ కాడ అడుగుకు పావు ఇంచు ఇవ్వాలె. మూడడుగుల షవర్ జాగకు ముప్పావు ఇంచు దిగుతది. ఒక సంగతి, వాలు ముందు, పూత తర్వాత. చదును నేల మీద పూత వేసి, దాని మీద మాలుతోటి వాలు తీస్తే పూత దాకా పోయిన నీళ్లు అక్కడనే నిలిచి పాసిపోతయి, ట్రాప్‌లకు రావు. పూతకే వాలుండాలె. నేలకు 1 బై 1 అడుగు మ్యాట్ టైల్ తీసుకోండి, చిన్న టైల్ వాలుకు మంచిగ ఒదుగుతది, కాలు జారది.

ఇగ అడెసివ్ దండుగ అన్న మాట. సిమెంట్ పాలు పాత రకం సిరామిక్ టైల్‌కు పనిచేసినయి, ఎందుకంటే ఆ టైల్ వెనక మొఖం నీళ్లు గుంజి సిమెంట్‌ను పట్టుకునేది. మీరు తెచ్చుకున్న విట్రిఫైడ్ టైల్ అర శాతం కూడ నీళ్లు గుంజది. ఇటు వెనక పూత నున్నగ ఉంటది, అదీ గుంజది. ఇటు పట్టు లేదు, అటు పట్టు లేదు, నడుమ సిమెంట్ ఏం చేస్తది? ఆరినంక పలక పలకే ఊడి వస్తది. 2 అడుగుల టైల్ అమ్మ మీద పడితే? పాలిమర్ అడెసివ్ పెట్టాల్సిందే. బస్తా మీద ఐఎస్ 15477 అని, దాంట్ల టైప్ 1 నుంచి 5 దాకా ఏ టైపో రాసి ఉంటది. టైప్ 1 వద్దు. సిమెంట్ బోర్డు మీద, తడి జాగల పనికొస్తదని బస్తా మీదనే రాసి ఉన్నది చూసి తీసుకోండి.

అడెసివ్ తెచ్చి కూడ పని చెడగొట్టేది ఐదు ముద్దల పద్ధతి. టైల్ నాలుగు మూలలకు నాలుగు, నడుమ ఒకటి ముద్ద పెట్టి గోడకు అదిమి రబ్బరు సుత్తితో కొడతరు. పని జల్ది అయితది. కానీ ముద్దల నడుమ అంత ఖాళీనే. గ్రౌట్ దాటి వచ్చిన నీళ్లు ఆ ఖాళీలల్ల నిలిచి ఉంటయి, వాసన వస్తది, వేలితో కొడితే డొల్ల సప్పుడు. పళ్లున్న తాపీతో గోడ మీద ఒకటే దిక్కు గీతలు లాగి, టైల్ వెనక కూడ సన్నగ రుద్ది, అప్పుడు అంటించాలె. మొదటి రెండు టైల్స్ అంటించిన వెంబడే మీరు ఒకటి ఊడదీయించి వెనక చూడండి. అంతట అడెసివ్ అంటి ఉంటేనే ముందుకు పోనియ్యండి. మేస్త్రి కోపానికి వస్తడు, రానియ్యండి. నేను పనిచేసే కాడ అడగకముందే తీసి చూపిస్త.

మీ ఊళ్లె ఎండాకాలం పని పెట్టుకుంటే అడెసివ్ కొంచెం కొంచెం కలుపుకోవాలె. గోడ మీద రుద్దినంక పైన పొర కట్టిందంటే ఇంక పట్టదు. వేలు పెడితే వేలికంటాలె, అంటకపోతే గీకేసి కొత్తది రుద్దాలె. ఎండిన దాని మీద నీళ్లు చల్లి మళ్లీ కలిపేటోళ్లున్నరు, అది చేయనియ్యకండి.

దేవరకొండ ఇల్లు

మేస్త్రి అన్నా, నాదొక మాట. మా దిక్కు బోరు నీళ్లు, మీ అందరికీ తెలిసిందే, ఫ్లోరైడ్, దానికి తోడు ఉప్పు. టైల్స్ మీద తెల్ల మరకలు రాళ్ల లెక్క గట్టిపడతయి. ఇంట్ల వాళ్లు నెలకోసారి యాసిడ్ పోసి బ్రష్షు కొడతరు. మా షవర్ కాడ గ్రౌట్ మొత్తం గుంటలు పడ్డది. ఇది యాసిడ్ వల్లనేనా?

పాలమూరు టైల్స్ మేస్త్రి

యాసిడ్ వల్లనే అన్నా. తెల్ల మరక సున్నమే, గ్రౌట్‌ల సిమెంట్‌ల ఉన్నదీ సున్నమే. మరకను తినే యాసిడ్ గ్రౌట్‌ను కూడ తింటది, తేడా దానికేం తెలుసు? గ్రౌట్ పోయిందంటే షవర్ నీళ్లు మొత్తం టైల్ వెనకకే. పూత ఉన్న గోడ అయితే కొంతకాలం ఆపుతది, పూత లేని గోడ అయితే చెమ్మ అవతలి గదిల రంగు పొక్కులు లేస్తది. ఫ్లోరైడ్ తాగే మనిషి పళ్లకు, ఎముకలకు చెడు, గోడకు దాంతోటి ఏం లేదు. గోడను సతాయించేది ఉప్పే.

టీచరక్క, మీరు నల్లగొండల ఉన్నరు కాబట్టి షవర్ జాగకు ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి. ధర ఎక్కువ, కానీ నీళ్లు గుంజది, సున్నం మరక దాంట్లకు దిగది, యాసిడ్‌కు సిమెంట్ గ్రౌట్ లెక్క కరగది. పెట్టేటప్పుడే టైల్ మీది మడ్డి తుడిచేయాలె, ఆరితే గీకినా రాదు, చేయి తిరిగిన మనిషిని పెట్టుకోండి. స్నానం అయినంక వైపర్‌తో గోడ ఒకసారి లాగితే మరక కట్టుడే తగ్గుతది, యాసిడ్ అవసరమే రాదు. ఇంకొకటి, గిలాబుకు, పూతకు, అడెసివ్‌కు కలిపే నీళ్లు బోరువి వాడకండి. నల్లా నీళ్లు, కృష్ణ నీళ్లు వస్తయి గదా, ఒక డ్రమ్ము నింపి పెట్టుకోండి. ఉప్పు నీళ్లతోటి చేసిన గిలాబు ఆరినంక ఉప్పు పైకి తేలుతది, దాని మీద పూత పొరలు పొరలుగ లేస్తది.

మిర్యాలగూడ సైట్ ఇంజనీర్

నీటి విషయంలో ఒక చేర్పు. ఐఎస్ 456 ప్రకారం కాంక్రీటుకు కలిపే నీళ్లలో సల్ఫేట్లు లీటరుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇనుము ఉన్న కాంక్రీటుకైతే క్లోరైడ్లు 500 దాటకూడదు. మన వైపు చాలా బోర్లలో నీళ్లు పరీక్ష చేయించకుండా వాడటం మంచిది కాదు. మేడం చేసేది చిన్న పని, నల్లా నీళ్లు సరిపోతాయి.

నల్లగొండ టీచర్

అందరికీ చాలా థాంక్స్. మా ఇంజనీర్‌తో మాట్లాడిన, కోర్ కటింగ్‌కు ఒప్పుకున్నడు, వచ్చి చువ్వలు చూసి గుర్తు పెడతా అన్నడు. కిరాయిదారుకు కూడా చెప్పినం, పైపు వచ్చే దిక్కు రాక్‌లు జరుపుతా అన్నడు. లోపలి మొఖానికి 10 ఎంఎం సిమెంట్ బోర్డు, గది దిక్కు జిప్సం, కాంక్రీటు గట్టు, కమోడ్, షవర్ రెండు దగ్గర్లా రాడ్ కోసం అడ్డం పైపులు, అన్నీ కాగితం మీద రాసి వెల్డింగ్ అతనికి ఇచ్చిన. ఒక్కటే మిగిలింది. నీళ్లు నింపి టెస్ట్ చేయాలంటరు కదా, అది టైల్స్ వేసినంకనా, ముందా? ఎన్ని రోజులు?

పాలమూరు టైల్స్ మేస్త్రి

ముందే అక్కా, ముందే. టైల్స్ వేసినంక కారితే ఎక్కడ కారుతున్నదో ఎవరికి కనపడతది? పూత రెండో చేయి అయినంక డబ్బా మీద రాసినన్ని రోజులు ఆరనియ్యండి, నేనైతే వారం ఆగుత. తర్వాత ట్రాప్‌కు గుడ్డ, ప్లాస్టిక్ కవరు చుట్టి గట్టిగ బిగించి, తలుపు కాడ మాలుతో చిన్న కట్ట కట్టి, నేల మీద రెండు ఇంచుల నీళ్లు నింపండి. గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి. పక్కన ఒక గిన్నెల కూడ నీళ్లు పోసి దాని మీద కూడ గీత పెట్టండి, ఎండకు ఆవిరయింది ఎంతో దాంతోటి తెలుస్తది. గిన్నెకన్న నేల మీద ఎక్కువ దిగితే కారుతున్నట్టు. 24 గంటలు తక్కువల తక్కువ, కింద దుకాణం ఉన్నది కాబట్టి మీరు 48 గంటలు ఉంచండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కింద మడిగె సీలింగుకు టార్చ్ కొట్టి పైపు చుట్టు చూడండి, చేయి పెట్టి కూడ చూడండి, చెమ్మ కంటికంటే ముందు చేతికి తెలుస్తది.

గోడకు నీళ్లు నింపలేం కాబట్టి షవర్ పడే దిక్కు పైపు పెట్టి ఒక అర్ధగంట నీళ్లు కొట్టించండి, అవతల జిప్సం ఇంక బిగించకుండ ఖాళీ ఉంచుకుంటే వెనక నుంచి బోర్డు మొత్తం కనపడతది. అందుకే నేను ఎప్పుడు గది దిక్కు బోర్డు అన్నిటికంటే చివరకు మూయమంట. జాయింట్ల కాడ, స్క్రూల కాడ, డైవర్టర్ బొక్క కాడ తడి మచ్చ కనపడితే ఆ జాగ ఆరబెట్టి ఇంకో చేయి పూత వేసి మళ్లీ కొట్టించండి.

టెస్ట్ అయినంక ఆ పూత మీద చెప్పులతో, నిచ్చెనతో తిరగనియ్యకండి. ప్లంబర్లు వచ్చి ఇనుప సామాను పడేస్తే చిల్లు పడతది, ఎవరు చెప్పరు. పాత గోనె సంచులు పరిచి పెట్టండి. టైల్స్ వేసినంక ఒకరోజు ఆగి గ్రౌట్, ఎపాక్సీ అయితే ఇంకో వారం షవర్ తిప్పకండి. అప్పటిదాక అమ్మకు పాత బాత్రూమే, వరండాల రాత్రికి ఒక లైటు వేసి పెట్టండి.